క్రిస్టెన్ విన్న మాట

డోర్నాహ్
28 సెప్టెంబరు 1930, ఆదివారం

అక్కా,

నువ్వు రైలెక్కిన దగ్గర్నుంచే మొదలుపెడతాను, లేకపోతే నీకు నిద్ర పట్టదు. నీ రైలు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా బెత్లి ప్లాట్‌ఫారం మీద నిలబడే ఉంది. ఏడవలేదు. ఏడవకపోవడానికే నాకు భయం వేసింది. ఇంటికి వచ్చాక నీ గళ్ళ రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని మంచం కిందికి దూరింది. రెండు పూటలు అక్కడే. మూడో పూట పాలల్లో రొట్టె నానబెట్టి గిన్నె నేలమీద పెట్టాను. ఒక చెయ్యి బయటికి వచ్చి గిన్నెని లోపలికి లాక్కుంది. ఖాళీ గిన్నె మాత్రం మర్యాదగా బయటికి తోసింది. నీ పెంపకమే.

పక్క తడుపుతోంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఇదేమిటని సిగ్గుపడకు. మేముండే ఈ పిల్లల వసతి ఇంట్లో పన్నెండేళ్ళవాళ్ళు కూడా తడుపుతారు, ఎవరూ ఏమీ అనరు. దుప్పట్లు ఉతికే ఆవిడ పాట పాడుకుంటూ ఉతుకుతుంది.

ఊళ్ళో పాలకేంద్రం దగ్గర ఆడవాళ్ళు అడిగితే ఏం చెప్పాలన్నావు కదా, రైలు కేకల మధ్య సరిగ్గా చెప్పలేకపోయాను. ఇలా చెప్పు. మనిషి మాట్లాడేటప్పుడు ఒక్కో అక్షరానికి గాలి నోట్లో ఒక్కోలా కదులుతుంది. ఆ కదలికని మేము చేతుల్లోకి, ఒంట్లోకి తెచ్చుకుంటాం. 'అ' అంటే రెండు చేతులూ పైకి విచ్చుకుంటాయి, కొండ మీద తెల్లవారడం చూసి నిలబడిపోయినట్టు. 'ఓ' అంటే గుండ్రంగా దేన్నో పొదువుకున్నట్టు. 'మ' అంటే అరచేతులు మెత్తగా గాలిని తోసుకుంటూ ముందుకి పోతాయి, ఆవు పొట్ట నిమిరినట్టు. ఒకరు పక్కన నిలబడి పద్యం చదువుతారు, మేము ఆ పద్యాన్ని నడుస్తాం. పియానో వాయిస్తే స్వరాన్ని నడుస్తాం. చెవికి వినబడేది కంటికి కనబడాలి, అంతే. దీని పేరు యూరిథ్మీ. నాన్న 'చేతులాట' అనేవాడు గుర్తుందా? నువ్వూ అదే చెప్పు, వాళ్ళకి సులువు.

జ్వరం పట్టుకుపోయిన చెవులు తిరిగి తెస్తానని మాత్రం నేను అనలేదు. బావకి ఇంకోసారి చెప్పు.

నీ చెల్లెలు
హెర్మీనె


ట్రూబ్
8 అక్టోబరు 1930

హెర్మీనే,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "కుక్కపిల్లని పంపామా, కూతుర్ని పంపామా?" అన్నాడు గిన్నె నేలమీద పెట్టావని విని. కోపం లేదులే. ఆ తర్వాత లేచి బయటికి వెళ్ళి, చాలాసేపు కట్టెలు కొట్టాడు. రేపటికీ ఎల్లుండికీ కూడా సరిపడా కొట్టాడు.

బంగాళాదుంపలు తవ్వడం అయింది. నా మోకాలికి నీరు పట్టింది. ఫ్లోరా ఈనింది, మగదూడ. ఇవేమీ నీకు పట్టవని తెలుసు, అయినా రాస్తాను. నీకు పద్దెనిమిదేళ్ళప్పుడు అమ్మ మంచాన ఉంటే నువ్వు ఆ చేతులాట పట్టు గౌను వేసుకోవడానికి వెళ్ళిపోయావు. ఆవుల సంగతి ఎవరో ఒకరు రాయాలి కదా. సరే, ఎత్తిపొడవను. నువ్వు బెత్లిని చేరదీశావు.

ఒక సంగతి చెప్తాను, మీ బావకి కూడా చెప్పలేదు. రెండున్నరేళ్ళప్పుడు జ్వరం రాకముందు అది కొట్టం గుమ్మంలో నిలబడి 'అమ్మ' అని పిలిచేది కదా. ఆ గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తు రావట్లేదు. మొహం గుర్తుంది, కాళ్ళకి వేసిన చెక్కచెప్పులు గుర్తున్నాయి, గొంతు పోయింది. పాలు పితుకుతూ ఎంత తలచుకున్నా రాదు. అదే నన్ను తినేస్తోంది.

మీ బావ ఈస్టర్ దాకా చూస్తానంటున్నాడు. తర్వాత బెర్న్ వైపు చెవిటి పిల్లల బడికి. అక్కడ నోటితో మాట్లాడడం నేర్పుతారట, పాస్టరు గారు కాగితం తెచ్చి ఇచ్చారు.

బెత్లి ఏమైనా అందా? ఒక్క ముక్కయినా? రాయి.

రోజీనా


డోర్నాహ్
30 నవంబరు 1930, ఆదివారం

అక్కా,

ఇక్కడ పొగమంచు పట్టి పదిరోజులైంది. మేము సాధన చేసే కొండ మీది కాంక్రీటు భవనం కింద నుంచి కనబడటం లేదు. పొద్దున్నే అందరం గోడ తడుముకుంటూ ఎక్కుతున్నాం. ఈ మంచులో కూర్చుని నీకు రాయడానికి నాకు ఇవాళ ఎంత సంతోషంగా ఉందో తెలుసా?

మొదటి నెలంతా బెత్లి గది మూలనే కూర్చునేది. ఒకరోజు మేము పియానోతో సాధన చేస్తుంటే లేచి వచ్చి, పియానో మూత మీద చెంప ఆన్చింది. కళ్ళు మూసుకుంది. వాయించే ఆవిడ భయపడి ఆపబోతే, నేను వద్దని సైగ చేశాను. ఆ రోజు నుంచి రోజూ అంతే. చెక్కలోంచి స్వరం దాని చెంపలోకి వెళ్తోంది, అక్కడి నుంచి భుజాల్లోకి. సాధనకి వాడే రాగి కడ్డీ చేతికిస్తే మొదట్లో నాతో కత్తియుద్ధం చేసింది. ఇప్పుడు దాన్ని పడనివ్వకుండా మేము నడిచినట్టే నడుస్తుంది. పక్క తడపడం ఆగిపోయింది. రెండు గిన్నెల జావ తాగుతోంది.

అసలు సంగతి. నిన్న నీ ఫోటో చూపించాను, పెళ్ళినాటిది. కాసేపు చూసింది. తర్వాత గది మధ్యకి వెళ్ళి నిటారుగా నిలబడి, 'అమ్మ' అంది. అక్షరం అక్షరం, స్పష్టంగా, నేను అడగకుండానే. పియానో ఆగిపోయింది. ఇంకోసారి అంది. తర్వాత ఫోటో తీసుకుని నాకు ఇవ్వకుండా పరిగెత్తింది.

అక్కా, నీ కూతురు మాట్లాడుతోంది. ఈ పదకొండేళ్ళూ నేను దేనికి చేతులు ఊపానని మీరంతా అడిగారో, నిన్న నాకు తెలిసింది. బావకి చెప్పు.

నీ హెర్మీనె


ట్రూబ్
5 డిసెంబరు 1930, శుక్రవారం

నా బంగారు చెల్లీ,

మూడు రోజులుగా కలం పట్టుకుని కాగితాలు పాడుచేస్తున్నాను. ఇవాళ కూడా అంతే, అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు.

నీ ఉత్తరం మీ బావే తెరిచాడు, నా చేతికి పిండి ఉందని. నిలబడి చదివాడు. కూర్చున్నాడు. "అమ్మ అందట" అన్నాడు. నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చదవమన్నాను. మళ్ళీ చదివి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. వెనక వెళ్తే గుర్రం మెడ పట్టుకుని ఏడుస్తున్నాడు. క్రిస్టెన్ ఏడవడం వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

ఆ తర్వాత మనిషిని పట్టలేకపోయాం. పాలకేంద్రంలో డబ్బాలు దించుతూ అందరికీ చెప్పాడు. ఫ్రావ్ త్సౌగ్ తెలుసుగా, చీజ్ చేసే ఆయన భార్య, "చేతులాటతో నోరొచ్చిందా?" అందట. "వచ్చింది, నీది మూయించడానికి" అన్నాడట మీ బావ. పాస్టరు గారు ప్రార్థనలో బెత్లి పేరు చదివారు. అమ్మ విషయంలో నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కొక్కటీ.

రేపు మొదటి రైలుకి మీ బావ బయల్దేరి వస్తున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. సంచిలో జడరొట్టె, ఎండు బేరిపళ్ళు, బెత్లికి ఉన్ని మేజోళ్ళు ఉన్నాయి. నేనూ వచ్చేదాన్నే, పాలు ఎవరు పితుకుతారు? ఆయన విని వచ్చి నాకు చెప్తానన్నాడు. "అది అన్నట్టే అని వినిపించాలి" అన్నాను. "అంటాలే" అన్నాడు.

నీ అక్క
రోజీనా


డోర్నాహ్
7 డిసెంబరు 1930, ఆదివారం

అక్కా,

ఇది నీకు అందేసరికి బావ అంతా చెప్పే ఉంటాడు. అయినా నా నోటితో చెప్పాలి. తప్పు నాది.

నిన్న మధ్యాహ్నం బావ వచ్చాడు. చర్చికి వేసుకునే నల్లకోటు, కొత్త టోపీ. గుమ్మంలోనే నా చేతిలో నీ ఉత్తరం పెట్టాడు. నేను అక్కడే చదివాను. తల ఎత్తి, "బావా, ఒక్క నిమిషం, నేను చెప్పేది..." అన్నాను. ఆయన అప్పటికే బెత్లిని చూశాడు. అది పరిగెత్తుకొచ్చి కోటులో మొహం దూర్చేసింది. దాన్ని పైకెత్తి తిప్పాడు. కింద దించి, నేలమీద మోకాళ్ళు ఆన్చి కూర్చున్నాడు, ఆ నల్ల ప్యాంటుతోనే. జేబులోంచి నీ ఫోటో తీశాడు, నీ దగ్గర మిగిలిన రెండోది. చూపించాడు.

బెత్లి వెనక్కి రెండడుగులు వేసి నిలబడింది. చేతులు విప్పింది, మెల్లగా ముందుకి తెచ్చింది. అంత చక్కగా నేను కూడా చెయ్యలేను, అక్కా.

బావ ఎదురు చూస్తున్నాడు. "ఆఁ, ఇప్పుడు అను" అన్నాడు.

"అనేసింది, బావా," అన్నాను. "అదే."

ఆయన నావైపు చూడలేదు. పిల్ల దగ్గరికి జరిగి, దాని నోటి దగ్గర చెవి పెట్టాడు. అలాగే ఉన్నాడు. బెత్లి ఆయన సరిగ్గా చూడలేదనుకుంది. మళ్ళీ చేసింది, ఈసారి ఇంకా నిదానంగా, మొద్దు పిల్లవాడికి నేర్పినట్టు. దాని చెయ్యి ఆయన చెంపకి తగిలింది. అప్పటికీ ఆయన చెవి తియ్యలేదు.

తర్వాత లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. కోప్పడితే బాగుండేది. పిల్ల తల నిమిరి, సంచి బల్లమీద పెట్టి, "రైలెప్పుడు?" అన్నాడు. స్టేషన్ దాకా వెంట వెళ్ళాను. దారంతా నేను చెప్తూనే ఉన్నాను. మా దగ్గర దీన్ని మాట్లాడటమనే అంటామని, మాకు ఆ తేడా ఉండదని. రైలెక్కేముందు ఒక్కటే అన్నాడు: "నాకు అర్థమైంది, హెర్మీనె. రోజీనాకి ఎలా చెప్పడం?"

నన్ను తిట్టు. కాని రాయి.

హెర్మీనె


ట్రూబ్
8 డిసెంబరు 1930

చెల్లీ,

మీ బావ నిన్న తెల్లారి ఇల్లు చేరాడు, బెర్న్‌లో రైలు తప్పిపోయి స్టేషన్ బల్ల మీద కూర్చున్నాడట. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుని, "చెప్పు" అన్నాను. కాఫీ తాగాడు. "విన్నాను" అన్నాడు. "అమ్మ అంది. రెండుసార్లు."

"గొంతు ఎలా ఉంది?" అన్నాను. ఆలోచించి, "నీ గొంతే" అన్నాడు.

చూశావా! నాకు గుర్తు రాని గొంతు నాదేనట. ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడో వెతికాను. నిన్నటి నుంచి ఒంటరిగా ఉన్నప్పుడు నాలో నేనే అనుకుని చూసుకుంటున్నాను. నవ్వకు.

ఆయన మాత్రం దిగాలుగా ఉన్నాడు, సరిగ్గా తినడం లేదు. ప్రయాణం బడలిక. పిల్లని వదిలి రావడం కష్టమైనట్టుంది. మేజోళ్ళు సరిపోయాయా?

రోజీనా


ట్రూబ్
14 డిసెంబరు 1930

హెర్మీనే,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. మీ బావ పాలకేంద్రంలో ఉన్నాడు. చదివి పొయ్యిలో పెట్టాను.

ఆ సాయంత్రం పాలు పితికేటప్పుడు అడిగాను, "క్రిస్టెన్, ఇంకోసారి చెప్పు, ఎలా అంది?" ఆయన ఆవు పొట్టకి నుదురు ఆన్చుకుని ఉన్నాడు. అలాగే ఉండి, "మెల్లగా అంది. మొదట 'అ', కాసేపాగి 'మ్మ'. పెదాలు బాగా మూసి అంది" అన్నాడు. నా మొహం చూడలేదు. ఆ మనిషికి అబద్ధమాడడం చేతకాదు, హెర్మీనే. సంతలో దూడని అమ్మబోయి దాని కుంటికాలు తనే చూపించి వచ్చే మనిషి. నాకోసం అక్షరం అక్షరం అల్లుతున్నాడు.

నేను బుధవారం కూడా అడిగాను. గురువారం కూడా. ఎందుకు అడుగుతున్నానో నాకే తెలియదు. ఒక్కోసారి తప్పు దొరకాలని. ఒక్కోసారి వినాలని.

పన్నెండేళ్ళ కాపురంలో మా మధ్య ఒక్క అబద్ధం లేదు. నువ్వు ఒక్క ఉత్తరంతో ఇద్దరికీ చెరొకటి పంచావు. నీకు అమాయకంగా మాట జారిందంటే నమ్మలేను. చిన్నప్పటి నుంచి నీకు అందరూ నిన్నే చూడాలి. బెత్లిని నీ దగ్గరే ఉంచుకోవడానికి రాశావు.

ఈస్టర్‌కి దాన్ని తెచ్చేసుకుంటాం.

రోజీనా


డోర్నాహ్
21 డిసెంబరు 1930

అక్కా,

బెత్లిని ఉంచుకోవడానికి కాదు. కాని అమాయకంగానూ కాదు. వారమంతా ఆలోచించి ఇది రాస్తున్నాను.

'అంది' అని రాసేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. 'చేతులతో' అనే మాట ముందు పెట్టాలని తోచింది. పెడితే, బావ ఉత్తరం మడిచి "ఓహో, చేతులాటా" అంటాడని తెలుసు. ఒక్కసారైనా మీ ఇంట్లో నా పని గురించి విని ఎవరైనా లేచి నిలబడాలనిపించింది. ఆ మాట పెట్టలేదు. ఉత్తరం పోస్టులో వేసేశాను. బావ గుర్రం మెడ పట్టుకుని ఏడుస్తాడని నేను అనుకోలేదు, అక్కా.

బావకి చెప్పు, నీకు తెలుసని. ఆయనని ఆ బరువుతో తిరగనివ్వకు. "హెర్మీనె రాసింది, ఆ మూర్ఖురాలిది తప్పు" అను. ఇద్దరూ కలిసి నన్ను తిట్టండి. నాకదే మంచిది.

బెత్లి క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి. మేజోళ్ళు సరిపోయాయి, విప్పమంటే విప్పదు.

హెర్మీనె


ట్రూబ్
20 జనవరి 1931, మంగళవారం

హెర్మీనే,

పోస్టుమాస్టరు కూతురు రాస్తోంది, నేను చెప్తున్నాను. క్రిస్టెన్ పోయాడు. ఇవాళ పొద్దున అడవిలో చెట్లు కొడుతుంటే, నరికిన దేవదారు మంచు మీద జారి దొర్లింది. మనుషులు మంచుబండి మీద ఇంటికి తెచ్చారు. శుక్రవారం మట్టి. బెత్లిని తీసుకురా.

నేను ఆయనకి చెప్పలేదు. ఆదివారం చెబుదామనుకున్నాను. ఆదివారం ఆయన నవ్వుతూ ఉన్నాడు, చెప్పలేకపోయాను.

(రోజీనా ఏష్లిమాన్)


డోర్నాహ్
1 ఫిబ్రవరి 1931

అక్కా,

బెత్లిని నీ దగ్గర వదిలి నేను తిరిగి వచ్చేటప్పుడు నువ్వు తలుపు దాకా రాలేదు. కిటికీలోంచి చూశావని తెలుసు.

ఆ రోజు గురించి రాయకూడదనుకున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను. మట్టి కార్యం అయ్యాక సత్రంలో భోజనాల దగ్గర, ఫ్రావ్ త్సౌగ్ బెత్లి చెయ్యి పట్టుకుని నీవైపు చూపించి, "మీ అమ్మని ఒక్కసారి పిలువమ్మా, మీ నాన్న చెప్పి చెప్పి మురిసిపోయాడు, మేమూ వింటాం" అంది. ఆవిడ మనసులో చెడు లేదు. బెత్లికి మాటలు వినబడకపోయినా, నిన్ను చూపించారని అర్థమైంది. బెంచీ దిగి, అంతమంది నల్లబట్టల మధ్య నిలబడి, నిన్ను పిలిచింది. వాళ్ళ నాన్నని పూడ్చి గంట కాలేదు. అప్పుడు కూడా పిలిచింది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో "రెక్కలాడిస్తోందే" అన్నారు. నువ్వు లేచి వచ్చావు. ఎత్తుకుంటావనుకున్నాను. దాని రెండు చేతులూ పట్టి కిందికి దించి, "కూర్చో" అన్నావు. భోజనం అయ్యేదాకా ఆ చేతులు బల్ల కింద నీ గుప్పిట్లోనే ఉన్నాయి. నేను చూశాను.

మొదటిసారి గొంతు పోయింది జ్వరం వల్ల. రెండోసారి నీ వల్ల.

హెర్మీనె


ట్రూబ్
9 ఫిబ్రవరి 1931

హెర్మీనే,

నీకు కదలికలు కనబడతాయి, మనుషులు కనబడరు.

వాళ్ళు నవ్వింది బెత్లిని చూసి అనుకున్నావా? బెత్లి చేతులెత్తగానే ఆ గదిలో ఉన్న నలభైమందికీ ఒక్కసారే తెలిసిపోయింది, క్రిస్టెన్ అబద్ధమాడాడని. పాలకేంద్రంలో, చర్చి మెట్ల మీద, కొలిమి దగ్గర నెలన్నర పాటు చెప్పిన మాటంతా అబద్ధమని. ఫ్రావ్ త్సౌగ్ మొహం నువ్వు చూడలేదు, నేను చూశాను. ఆయన మట్టి ఇంకా గడ్డకట్టలేదు. ఇంకో క్షణం ఉంటే ఎవరో ఆ మాట పైకి అనేసేవారు. అందుకని దించాను. నా మొగుడిని దాచడానికి నా కూతురి చేతులు దించాను. ఇంకేం చేసేదాన్ని, చెప్పు. అక్కడ నిలబడి వివరించేదాన్నా?

తప్పు కాదని అనడం లేదు. ఆ రోజు నుంచి బెత్లి నా ముందు చేతులు కదపడం లేదు. చెంచా పట్టుకోవడానికి, కోళ్ళకి గింజలు చల్లడానికి తప్ప. అది నాకూ కనబడుతుంది.

ఈస్టర్ అయ్యాక చెవిటి పిల్లల బడికి పంపుతున్నాను. ఇక ఉత్తరాలు వద్దు.

రోజీనా


డోర్నాహ్
14 జూన్ 1931

అక్కా,

ఇది నాలుగో ఉత్తరం. మూడింటికి జవాబు లేదు, దీనికీ ఉండదేమో.

గురువారం సెలవు దొరికితే ఆ బడికి వెళ్ళాను. నీకు చెప్పకుండా వెళ్ళడం తప్పే. లోపలికి వెళ్ళలేదు, గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలు ఇద్దరిద్దరుగా వరస కట్టి తోటలోకి వచ్చారు. బెత్లి ఎత్తు పెరిగింది, జడలు పైకి చుట్టారు. నన్ను చూసింది. నేను చెయ్యి ఎత్తాను, ఊరికే, పలకరించడానికి. అది తన రెండు చేతులూ ఏప్రన్ జేబుల్లో పెట్టేసుకుంది. అలాగే నడిచి వెళ్ళిపోయింది.

ఎవరూ దాన్ని కొట్టినట్టు లేదు. బుగ్గలు నిండుగా ఉన్నాయి. ఆ సంగతి నీకు చెబుదామని రాశాను.

హెర్మీనె


ట్రూబ్
25 అక్టోబరు 1931, ఆదివారం

హెర్మీనే,

ఆ ఒక్కటి తప్ప నీ ఉత్తరాలన్నీ ఉన్నాయి. పొయ్యిలో పెట్టలేదు.

గడ్డి రెండో కోత అయ్యాక, ఆగస్టులో, బడివాళ్ళు తల్లిదండ్రుల్ని పిలిస్తే వెళ్ళాను. వాళ్ళ టీచరమ్మ మంచిది, చిన్న వయసు, జలుబు చేసినట్టు ఉంది. బెత్లిని నా ముందు నిలబెట్టింది. బెత్లి చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని అని చూపించింది. తర్వాత ఆ చెయ్యి బెత్లి గొంతు మీదే పెట్టించింది. బెత్లి నోరు తెరిచింది. "అమ్... మ" అంది.

నోటితో అంది, హెర్మీనే. గొంతుతో. గడియపడ్డ తలుపు తోసినట్టుంది ఆ గొంతు. నాది కాదు. క్రిస్టెన్ చెప్పినట్టు లేనేలేదు. ఏడుపొస్తుందనుకున్నాను, రుమాలు కూడా తీసి పెట్టుకున్నాను. రాలేదు. ఎందుకంటే బెత్లి నన్ను చూడటం లేదు. టీచరమ్మ మొహం చూస్తోంది, సరిగ్గా వచ్చిందా అని. ఆవిడ తల ఊపగానే వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. నేను ఎవరో పరీక్ష పెట్టడానికి వచ్చిన మనిషిలా అక్కడే నిలబడిపోయాను.

తిరుగు ప్రయాణంలో మీ బావ గురించి ఆలోచించాను. ఆయన దాని నోటి దగ్గర చెవి పెట్టాడని రాశావు చూడు, అది. అన్నాళ్ళూ నాకు ఆయన మీద జాలే వేసింది. ఆ రైల్లో మొదటిసారి కోపం వచ్చింది. ఎదురుగా నిలబడి పిలుస్తోంటే చూడలేదేమయ్యా అని. తర్వాత సత్రంలో నేను చేసింది గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

బంగాళాదుంపల సెలవులకి బెత్లి మూడు వారాలు ఇంటికి వచ్చింది. పనిమంతురాలైంది. చెప్పకుండానే బుట్టలు మోస్తుంది. నాతో మాట్లాడదు, నోటితోనూ చేతులతోనూ. నేను ఒకరోజు, ఎవరూ లేకుండా చూసి, అది కొట్టంలోంచి వస్తుంటే గుమ్మంలో నిలబడి చేతులు విప్పాను. నువ్వు ఉత్తరంలో రాసినట్టే, పైకి, తర్వాత మెత్తగా ముందుకి. ఏమని పిలిచానో నాకే తెలియలేదు, నాకు వచ్చింది ఆ ఒక్కటే. 'అమ్మ' అని నేనే దాన్ని పిలిచాను. అది చూసి, తల తిప్పుకుని, పక్కనుంచి వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ చేశాను. ఆ మర్నాడు కూడా. ఫ్రావ్ త్సౌగ్ గేటు దగ్గరికి వచ్చి చూసింది. చూడనీ అనుకున్నాను. "ఏం చేస్తున్నావే రోజీనా?" అంది. "కూతుర్ని పిలుస్తున్నాను" అన్నాను. "క్రిస్టెన్ చెప్పింది దీని గురించేనా?" అంది. కాసేపు ఆలోచించి, "అవును, ఆయన విన్నది ఇదే" అన్నాను. ఆవిడ పాల డబ్బా అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు, హెర్మీనే. తొమ్మిది రోజులు అది నా పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది. పదో రోజు, నిన్న, నాకు ఓపిక అయిపోయింది, సిగ్గు కూడా వేసింది, ఇక మానేద్దామనుకుంటూనే చేశాను.

రేపు దాన్ని బడికి పంపాలి. పంపుతాను. నోటి మాట కూడా కావాలి దానికి. నేను పోయాక ఈ లోయలో దాని చేతులు చదివేవాళ్ళెవరు? కాని క్రిస్మస్‌కి నువ్వు ఇక్కడికి రా. అమ్మ గది ఊడ్చి పెడతాను. నువ్వు నన్ను అన్నవీ, నేను నిన్ను అన్నవీ ఒక్కరోజులో మాసిపోవు. అయినా రా.

ఎందుకంటే నిన్న అది ఆగింది. నా ముందు నిలబడి, లెక్కల పుస్తకం దిద్దే టీచరమ్మలా నన్ను పై నుంచి కింది దాకా చూసింది. చేతిలో గింజల గిన్నె కింద పెట్టింది. దగ్గరికి వచ్చి నా ఎడమ మోచెయ్యి పట్టుకుని కాస్త పైకి ఎత్తింది, వదిలి చూసింది, ఇంకాస్త ఎత్తింది. తర్వాత గిన్నె తీసుకుని కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మోచెయ్యి ఎంత ఎత్తు ఉండాలో వెంటనే రాయి.

అక్క
రోజీనా